కూర్చుంటేనే కాదు, నిలుచున్నా ముప్పే!

ఆఫీసులో పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయేవారి కోసం నిలబడి పనిచేసే ఎత్తు బల్లలు వచ్చాయి. మంచివే. కాని గంటల తరబడి కదలకుండా నిలబడినా కాళ్లలో రక్తం నిలిచి సిరలు ఉబ్బవచ్చు, నడుము నొప్పి రావచ్చు. గుండెకు కావలసింది నిలబడడం కాదు, కదలిక.

లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిపై డాక్టర్ జెరీ మోరిస్ బృందం 1953లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధం. కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లలో కంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

ఎత్తు బల్ల ఉంటే, అది మీ మోచేతుల ఎత్తున ఉండాలి. కాసేపు నిలబడండి, కాళ్లు లాగితే కూర్చోండి. బల్ల లేకపోయినా చింత లేదు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. ఫైలుకూ, మంచినీళ్లకూ అటెండరును పిలవక మీరే వెళ్లండి. సాయంత్రపు నడక మాత్రం మానకండి.