ముహూర్తాన్ని బట్టి తీరం.. శ్రీలంక హనీమూన్‌కు ముందు తెలుసుకోవాల్సినవి

పెళ్లి పందిరి విప్పకముందే కొత్త దంపతుల విదేశీ ప్రయాణం ఖాయమవుతున్న రోజులివి. ఒకప్పుడు సత్యనారాయణ వ్రతం ముగించుకుని ఊటీకో, కొడైకెనాల్‌కో బయల్దేరేవారు. ఇప్పుడు బాలి, థాయ్‌లాండ్, మాల్దీవులు, శ్రీలంక పేర్లు మధ్యతరగతి ఇళ్లలోనూ వినిపిస్తున్నాయి. వీటిలో మనకు అతి చేరువలో ఉన్నది శ్రీలంక. చెన్నైలో విమానం ఎక్కితే సుమారు గంటన్నరలో కొలంబో చేరుకోవచ్చు. గడియారాన్ని ముందుకో వెనక్కో తిప్పుకోవాల్సిన పని కూడా లేదు. రెండు దేశాలదీ ఒకే సమయం.

అయితే ఇంత దగ్గరి దేశానికి వెళ్లి కూడా అలసటతో తిరిగివచ్చే జంటలు ఉంటున్నాయి. అయిదు రాత్రులు, ఆరు పగళ్ల ప్యాకేజీలో కొలంబో, పిన్నవల ఏనుగుల కేంద్రం, క్యాండీ, నువర ఎలియ, బెంతోట అన్నీ ఇమిడ్చేస్తారు. పటంలో చూస్తే ఊళ్లన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. దేశం మొత్తం విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లే. అంటే నేటి ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. కానీ దారులు కొండ మలుపులవి. కొలంబో నుంచి క్యాండీకి సుమారు 115 కిలోమీటర్లు వెళ్లడానికే మూడు గంటలకు పైగా పడుతుంది. రోజుకో హోటల్, పూటకో ఊరు అయ్యేసరికి యాత్రలో ఎక్కువ భాగం వ్యానులోనే గడిచిపోతుంది.

పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో వధూవరులు తీరిగ్గా మాట్లాడుకునే మొదటి అవకాశం ఈ యాత్రే కావచ్చు. పెళ్లి ఖర్చుల మీద మరికొంత అప్పు చేసి బయల్దేరేవారూ ఉంటారు. అందుకే ఎన్ని స్థలాలు చూశామన్న లెక్క కన్నా, ఏ కాలంలో ఏ వైపు వెళ్లాలి, ఎక్కడ నిలకడగా ఉండాలి అన్నదే ముందు తేల్చుకోవాలి.

రెండు రుతుపవనాలు.. రెండు తీరాలు

శ్రీలంక ప్రయాణానికి అసలు తాళంచెవి వర్షమే. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు పశ్చిమ, దక్షిణ తీరాలను, మధ్య కొండల పడమటి వాలును తడుపుతాయి. ఆ నెలల్లో తూర్పు తీరంలో ఎండ కాస్తుంది, సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య రుతుపవనాల వంతు. అప్పుడు తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో వానలు, పశ్చిమ, దక్షిణ తీరాల్లో పొడి వాతావరణం.

దీన్ని మన పెళ్లిళ్ల కాలానికి అన్వయించుకుంటే లెక్క తేలికవుతుంది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో పెళ్లయినవారికి కొండలు, దక్షిణ తీరం అనుకూలం. జ్యేష్ఠ, శ్రావణ మాసాల వారు తూర్పు తీరానికి వెళ్లడం మేలు. శ్రావణంలో పెళ్లి చేసుకుని ఆగస్టులో బెంతోట బీచ్‌కు వెళితే ఎగసిపడే అలల్ని గది కిటికీ నుంచి చూడాల్సి రావచ్చు. అక్టోబరు, నవంబరు నెలల్లో దేశమంతటా ఉరుములతో కూడిన వానలు, తుపాన్ల భయం ఉంటాయి. 2025 నవంబరు చివర విరుచుకుపడిన దిత్వా తుపాను అక్కడ 600 మందికి పైగా ప్రాణాలు తీసింది. కొండచరియలు విరిగిపడి రహదారులు, కొండ రైలు మార్గం తీవ్రంగా దెబ్బతిన్నాయి. కార్తీకంలో పెళ్లయినవారు డిసెంబరు మూడో వారం దాకా ఆగడం ఉత్తమం.

మాఘ, ఫాల్గుణాల్లో హపుతలె, తంగల్ల

కొండ ప్రాంతమంటే అందరూ నువర ఎలియకే పరుగెడతారు. ఎల్లలోని తొమ్మిది కమానుల వంతెన వద్దా నేడు రద్దీ ఎక్కువే. ఈ రెండింటికీ మధ్య అదే రైలు మార్గంలో ఉన్న చిన్న ఊరు హపుతలె. సముద్ర మట్టానికి 1,400 మీటర్లకు పైగా ఎత్తున, ఇరుకైన కొండ శిఖరం మీద ఉంటుంది. ఊరికి ఒకవైపు లోయ మంచుతో నిండి ఉంటే, రెండోవైపు దక్షిణ మైదానం సముద్రం దిశగా పరచుకుని కనిపిస్తుంది.

ఇక్కడికి సమీపంలోని దంబతెన్న తేయాకు కర్మాగారాన్ని 1890లో థామస్ లిప్టన్ కట్టించాడు. అక్కడి నుంచి తోటల మధ్యగా నడిచి వెళితే ఆయన కూర్చుని తోటలను పరికించేవాడని చెప్పే లిప్టన్ సీట్ వస్తుంది. తెల్లవారుజామునే చేరుకోవాలి. పొద్దెక్కితే మబ్బులు కమ్మేస్తాయి. దారి పొడవునా తేయాకు కోసే మహిళలు కనిపిస్తారు. వీరిలో అత్యధికులు బ్రిటిష్ పాలకులు తమిళ ప్రాంతాల నుంచి తరలించిన కూలీల సంతతి. వారి అనుమతి లేకుండా ఫొటోలు తీయడం మర్యాద కాదు.

ఇదే ఊళ్లో బస ఉంచుకుని ఒక ఉదయం హోర్టన్ ప్లెయిన్స్ పచ్చిక మైదానాలకు వెళ్లిరావచ్చు. అక్కడి వరల్డ్స్ ఎండ్ అనే అంచున నేల ఒక్కసారిగా 800 మీటర్లకు పైగా లోతుకు జారిపోతుంది. మూడు రాత్రులు ఇక్కడ గడిపి, కొండ దిగి దక్షిణ తీరంలోని తంగల్లకు చేరితే గాలె, మిరిస్సల రద్దీ తప్పుతుంది. తంగల్లకు చేరువలోనే ముల్కిరిగల అనే ఏకశిలా కొండపై గుహాలయాలున్నాయి. శ్రీలంక చరిత్రకు ఆధారమైన మహావంశాన్ని అర్థం చేసుకునేందుకు తోడ్పడిన తాళపత్ర వ్యాఖ్యానం 1826లో బయటపడింది ఇక్కడే.

శ్రావణంలో త్రింకోమలి

తూర్పు తీరంలోని త్రింకోమలి సహజ నౌకాశ్రయంగా ప్రసిద్ధి. 2009లో అంతర్యుద్ధం ముగిసే వరకు పర్యాటకులు ఈ వైపు వచ్చింది తక్కువే. ఇప్పటికీ దక్షిణ తీరమంత హడావుడి లేదు. ఊరికి ఉత్తరాన ఉప్పువెలి, నిలావెలి తీరాల్లో చిన్న అతిథి గృహాలు దొరుకుతాయి. నిలావెలి నుంచి పడవలో పావురాల దీవికి వెళ్లవచ్చు. 2003లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ దీవి చుట్టూ నిస్సార నీటిలోనే పగడాలు, రంగురంగుల చేపలు కనిపిస్తాయి. ఈత రానివారు లైఫ్ జాకెట్ విడవకూడదు. పగడాలపై కాలు మోపితే అవి విరిగి చనిపోతాయి.

సాయంత్రం పూట కోనేశ్వరాలయం చూడదగింది. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండ కొమ్ముపై ఉన్న ఈ శివాలయాన్ని 1622లో పోర్చుగీసువారు కూల్చివేశారు. నేడున్నది తర్వాత నిర్మించినది. ఆలయానికి దారి ఫ్రెడరిక్ కోట గుండా సాగుతుంది. కోటలో చుక్కల దుప్పులు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి. ఆగస్టులో వెళ్లేవారు దారిలో మిన్నేరియ చెరువు వద్ద ఆగితే, నీరు తగ్గిన గట్టున మేతకు చేరే అడవి ఏనుగుల గుంపుల్ని చూడవచ్చు.

క్యాండీలో మన జాడలు

ఏ కాలంలో వెళ్లినా దారిలో తగిలే క్యాండీని తెలుగువారు మరో దృష్టితో చూడాల్సి ఉంది. 1739లో అక్కడి సింహళ రాజు నరేంద్రసింహ వారసులు లేకుండా మరణించగా, మధుర నుంచి వచ్చిన ఆయన రాణి సోదరుడు గద్దెనెక్కాడు. తెలుగు మూలాలున్న ఈ నాయక వంశపు రాజులు నలుగురు 1815 వరకు ఏలారు. వారిలో రెండో రాజు కీర్తిశ్రీ రాజసింహ బౌద్ధానికి పునర్వైభవం తెచ్చాడు. ఏటా జరిగే పెరహర ఊరేగింపులో బుద్ధుని దంతధాతువుకు అగ్రస్థానం కల్పించింది ఆయనే. ఈ ఉత్సవం సాధారణంగా మన శ్రావణ పౌర్ణమి నాటికి ముగుస్తుంది. ఊరి నడుమ ఉన్న సరస్సును తవ్వించిన చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ, ఆంగ్లేయులకు చిక్కి 1832లో వేలూరులో బందీగానే కన్నుమూశాడు.

మన పల్నాటి గడ్డతో ఉన్న బంధం ఇంకా పాతది. క్రీస్తుశకం మూడో శతాబ్దిలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన నాగార్జునకొండ శాసనం సింహళ విహారాన్ని పేర్కొంటోంది. నాడు వారు ఇక్కడికి వచ్చి బస చేశారు. నేడు మనం అక్కడికి వెళ్తున్నాం.

ఇద్దరూ కలిసే ప్రణాళిక

టికెట్లు కొనేముందు ఇద్దరూ విడివిడిగా మూడు కోరికలు కాగితంపై రాసుకుని, తర్వాత పోల్చి చూసుకోవడం మంచి పద్ధతి. ఒకరికి కొండ నడక ఇష్టమైతే మరొకరికి నీళ్లంటే భయం ఉండవచ్చు. ఈ సంగతి అక్కడికి వెళ్లాక కన్నా ఇక్కడే తెలియడం నయం. ఏడు రాత్రుల యాత్రకు మూడు బసలు మించకూడదు. ఒక రోజు ఏ కార్యక్రమమూ లేకుండా ఖాళీగా వదిలేయాలి. ఖర్చు ఎంతన్నది వధువుకూ తెలియాలి. ఇద్దరూ కలిసి వేసుకునే తొలి బడ్జెట్ ఇదే అవుతుంది.

బయల్దేరే ముందు..

* పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. వధువు పాస్‌పోర్టు పుట్టింటి పేరుతో ఉంటే హడావుడిగా మార్చనక్కర్లేదు. అందులో ఉన్న పేరుతోనే టికెట్, ప్రయాణ అనుమతి తీసుకుంటే చాలు. పెళ్లి తర్వాతి ఇంటిపేరుతో టికెట్ కొంటే విమానాశ్రయంలో చిక్కులు తప్పవు.

* ఈటీఏ అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి నిబంధనలు, రుసుములు తరచూ మారుతున్నాయి. శ్రీలంక ఇమిగ్రేషన్ శాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి. అదే రూపంలో ఉండి అదనపు సొమ్ము గుంజే ప్రైవేటు సైట్లతో జాగ్రత్త.

* విదేశీ ప్యాకేజీ కొన్నప్పుడు ట్రావెల్స్ వారు టీసీఎస్ వసూలు చేస్తారు. రసీదు భద్రపరిస్తే ఆదాయపు పన్ను రిటర్నులో ఆ మొత్తాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు.

* కొండ రైలులో రిజర్వేషన్ సీట్లు త్వరగా అయిపోతాయి. తుపాను తర్వాత ఏయే స్టేషన్ల మధ్య రైళ్లు నడుస్తున్నదీ ముందే తెలుసుకోవాలి. తలుపు వద్ద వేలాడుతూ సెల్ఫీలు దిగబోయి ప్రాణాలు పోగొట్టుకున్న పర్యాటకులున్నారు.

* శాకాహారులు కొబ్బరి సంబోల్ తినేముందు ఉంబలకడ ఉందా అని అడగాలి. అది ఎండు చేప పొడి. ఇడియాప్పం, అప్పం, పప్పు కూర అంతటా దొరుకుతాయి. గేదె పెరుగుపై జీలుగు పానకం పోసి ఇచ్చే కిరిపానిని రుచి చూడాల్సిందే.

* ఆలయాల్లో భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడాన్ని అక్కడ అపచారంగా భావిస్తారు. ప్రతి పౌర్ణమి సెలవు దినం. ఆ రోజు మద్యం అమ్మరు.

* దోమల నివారణకు పూత మందు, కొండల్లో చలికి ఊలు దుస్తులు వెంట ఉంచుకోవాలి. సముద్రంలో దిగేముందు ప్రవాహాల గురించి స్థానికులను అడగాలి.

చూడని ఊళ్లు కొన్ని మిగిలిపోతే నష్టమేమీ లేదు. పిల్లలు పుట్టాక మరోసారి వెళ్లడానికి అవే కారణమవుతాయి. కొత్త జంటకు మళ్లీ దొరకనిది ఆ మొదటి వారం రోజుల తీరికే. దానికి చోటు మిగిల్చాకే మిగతా కార్యక్రమం వేసుకోవాలి.