మూడో మనిషి దగ్గరున్న సొమ్ము

డిక్రీ కాగితం చేతికి వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్లు కాదు. బాకీదారు ఇంట్లో జప్తుకు దొరికే వస్తువే ఉండకపోవచ్చు. అతనికి రావలసిన సొమ్ము మాత్రం మరొకరి దగ్గర ఉండవచ్చు.

బస్తర్‌లో తెలుగు వినిపించే ఊరు భోపాల్‌పట్నం. అక్కడి చిన్న వ్యాపారి ఒకరు బ్యాంకుకు 80,000 రూపాయలు బాకీ పడ్డాడనుకోండి. బ్యాంకు డిక్రీ పొందింది. ఇతని దగ్గర చింతపండు కొన్న టోకు వ్యాపారి ఇతనికి ఇంకా 50,000 ఇవ్వాలి. ఈ టోకు వ్యాపారినే చట్టం 'గార్నిషీ' అంటుంది. పాపం, అతనికి ఈ తగాదాతో సంబంధమే లేదు!

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 21వ ఆర్డరు, 46వ రూలు కింద కోర్టు అతనికి నిషేధ ఉత్తర్వు పంపుతుంది: 'ఆ సొమ్ము బాకీదారుకు ఇవ్వవద్దు.' స్నేహం కొద్దీ ఇచ్చేస్తే? ఆ చెల్లింపు డిక్రీదారు విషయంలో చెల్లదు. అంటే మళ్ళీ కట్టుకోవలసి రావచ్చు. 1976 సవరణ 46ఎ నుంచి 46ఐ వరకు కొత్త రూల్సు చేర్చింది. వాటి ప్రకారం గార్నిషీ సొమ్మును కోర్టులో జమ చేయవచ్చు, లేదా హాజరై కారణం చెప్పవచ్చు. 'నేనేమీ బాకీ లేను' అంటే కోర్టు దానిని దావాలోని వివాదాంశంలాగే విచారిస్తుంది. జమ చేస్తే ఆ మేరకు బాకీ తీరినట్లే. నోటీసు అందుకుని ఊరుకుంటే మాత్రం చిక్కే. అతని మీదనే డిక్రీలాగా అమలు జరుగుతుంది.

ఇప్పుడు బాకీదారు వ్యాపారి కాక, వేసవిలో తునికాకు కోసే కూలీ అనుకుందాం. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బోరా. డబ్బు ఇవ్వవలసింది అటవీ ఉత్పత్తుల సహకార సంఘం. షావుకారు కల్లం దగ్గరికి వచ్చి 'అతని డబ్బు నాకివ్వండి' అంటే సంఘం ఇవ్వనక్కరలేదు. కోర్టు ఉత్తర్వు లేనిదే అతను ఎవరు? ఉత్తర్వు కోరినా 60వ సెక్షను అడ్డు వస్తుంది. కూలీల వేతనం, డబ్బు రూపంలో ఉన్నా వస్తు రూపంలో ఉన్నా, జప్తుకు లోబడదు. అది కూలియా, ఆకు అమ్మిన ధరా అన్న వాదన లేస్తే తేల్చవలసింది కోర్టే.

మరి అప్పు ఇచ్చేనాడే షావుకారు 'నాకీ మినహాయింపు వద్దు' అని రాయించి వేలిముద్ర వేయించుకుంటే? అలాంటి ఒప్పందం చెల్లదని అదే సెక్షను స్పష్టంగా చెబుతోంది.