పొట్లంలో ఉప్పు పాళ్లు: ఓఆర్ఎస్ జీవితకథ

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఆశా కార్యకర్త సంచిలో ఉండే ఓఆర్ఎస్ పొట్లం బరువు 20.5 గ్రాములు. ఒక లీటరు తాగునీటిలో కలపవలసిన ఆ పొడిలో 2.6 గ్రాములు మామూలు ఉప్పు, 13.5 గ్రాములు గ్లూకోజు, 1.5 గ్రాములు పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాములు ట్రైసోడియం సిట్రేటు ఉంటాయి. ఈ పాళ్లు ఒక్కసారిగా ఎవరికీ తట్టినవి కావు; కలరా సోకిన పెద్దవారి కోసం మొదలైన ఈ ద్రావణం, విరేచనాలతో నీరసించిన పసిపిల్లల దేహం ఏమి తట్టుకోగలదో తెలిసేకొద్దీ మారుతూ వచ్చింది, తీవ్రమైన పోషకాహార లోపం ఉన్న బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మరో రూపం ధరించవలసి వచ్చింది.

కలరా రోగి రక్తంలో నీరూ లవణాలూ తగ్గిపోతున్నాయని విలియం ఓషానెస్సీ 1831లో రసాయన పరీక్ష ద్వారా గుర్తించగా, మరుసటి సంవత్సరమే స్కాట్లాండులో థామస్ లాట్టా ఉప్పునీటిని నేరుగా రక్తనాళంలోకి ఎక్కించి కొందరిని బతికించాడు. సెలైన్ చికిత్సకు మూలం అదే. అయితే సూదీ, శుద్ధమైన ద్రవమూ, వాటిని వాడగల చేయీ ఉన్నచోటే ఆ చికిత్స సాధ్యం కనుక గ్రామాలకు అది అందలేదు. నోటితో తాగించి ఫలితం సాధించవచ్చునని కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లోనే ప్రచురించినా వైద్యలోకం పట్టించుకోలేదు. కారణం, అది పేగులో ఎలా పనిచేస్తుందో అప్పటికి ఎవరూ వివరించలేకపోవడమే.

ఆ వివరణ 1960లో రాబర్ట్ క్రేన్ నుంచి వచ్చింది. చిన్నపేగు లోపలి పొర మీది కణాల్లో సోడియంనూ గ్లూకోజునూ జంటగా మాత్రమే లోనికి తీసుకునే ఒక వాహక వ్యవస్థ ఉంటుంది. అవి లోనికి వెళ్లినప్పుడు వాటి వెంట నీరు కూడా వెళుతుంది. విరేచనాల వేళ పేగు వట్టి ఉప్పునీటిని నిలుపుకోలేకపోయినా ఈ జంట దారి మాత్రం చెడకుండా మిగిలి ఉంటుంది కనుకనే పొట్లంలో గ్లూకోజు చేరింది, అది రుచి కోసమో బలం కోసమో కాదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ ఈ సూత్రాన్ని రోగులపై నిరూపించారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలాన బనగాఁవ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించగా, సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. మన దేశపు వైద్య చరిత్రలో ఇంతకంటే గొప్ప అధ్యాయాలు అరుదు. ఆయనకు పద్మవిభూషణ్ మరణానంతరం, 2023లో దక్కింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1975లో అందరికీ ఒకే పొట్లాన్ని నిర్ణయించాయి. లీటరుకు 90 మిల్లీమోళ్ల సోడియం ఉన్న ఆ ద్రావణం కలరాకు సరిపోయేది గానీ, రోటా వైరస్ వంటి కారణాలతో వచ్చే పిల్లల విరేచనాల్లో సోడియం అంతగా పోదు. ద్రావణంలో కరిగిన పదార్థాల మొత్తం గాఢతను ఆస్మోలారిటీ అంటారు. అది రక్తపు గాఢతను మించితే పేగు నీటిని పీల్చుకోవడానికి బదులు కొంత తిరిగి వదులుతుంది. 2002లో ఈ గాఢతను 311 నుంచి 245కు, సోడియంను 75కు తగ్గించాక పిల్లల్లో వాంతులు తగ్గాయి, సెలైన్ ఎక్కించవలసిన అవసరం సుమారు మూడో వంతు తగ్గింది. దానికి తోడుగా 14 రోజుల జింకు మాత్రలు 2004 నుంచి సిఫారసులో చేరాయి: ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నబిడ్డకు 10.

అసలు చిక్కు పోషకాహార లోపంతో మొదలవుతుంది. ఆ లోపాన్ని లోతుగా పరిశీలించిన పరిశోధనశాల 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఒకే రకమైన కొరత ఆహారంతో ఒక బిడ్డ ఎముకల గూడుగా మారితే మరో బిడ్డ ఎందుకు ఉబ్బుతుందన్న ప్రశ్నను సి. గోపాలన్ అక్కడే తర్కించారు. మొదటి స్థితిని మరాస్మస్ అనీ రెండోదాన్ని క్వాషియార్కర్ అనీ అంటారు. రెండింటిలోనూ కణాల గోడల్లో సోడియంను బయటికి నెట్టి పొటాషియంను లోపల ఉంచే యంత్రాంగం మందగిస్తుంది కనుక, ఒంట్లో సోడియం ఎక్కువగానూ పొటాషియం తక్కువగానూ ఉంటాయి. గుండె కండరమూ పలచబడుతుంది. ఇటువంటి బిడ్డకు మామూలు పొట్లాన్ని ధారాళంగా తాగించినా, సెలైన్ వేగంగా ఎక్కించినా గుండె ఆ భారం మోయలేక విఫలం కావచ్చు. పైగా గుంటలు పడిన కళ్లు, చిటికెతో పట్టుకుంటే ముడత పడి నెమ్మదిగా జారే చర్మం వంటి నిర్జలీకరణ లక్షణాలు కొవ్వు కరిగిపోయిన బిడ్డలో విరేచనాలు లేకపోయినా కనిపిస్తాయి. అందుకే విరేచనాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఎన్నిసార్లు అయ్యాయి, మూత్రం ఎప్పుడు పోసింది అని తల్లిని అడిగి రాబట్టిన సమాధానాలు చర్మం కంటే నమ్మదగిన ఆధారాలు.

ఈ బిడ్డల కోసమే రీసోమాల్ అనే ద్రావణం పుట్టింది. దానిలో సోడియం 45కు తగ్గింది, పొటాషియం 40కి పెరిగింది, మెగ్నీషియం, జింకు, రాగి చేరాయి. మొదటి రెండు గంటలూ అరగంటకొకసారి కిలో బరువుకు 5 మిల్లీలీటర్ల చొప్పున, తర్వాత గంటకు 5 నుంచి 10 చొప్పున, ఎఫ్-75 అనే పాల ఆహారంతో మార్చిమార్చి ఇస్తారు. నాడి నిమిషానికి 25, శ్వాస 5 పెరిగితే ద్రవం ఎక్కువైందని గ్రహించి ఆపేస్తారు. రీసోమాల్ కూడా అందరికీ తగినది కాదు. ఢాకాలో 2003లో ప్రచురితమైన పరిశోధనలో కొందరు పిల్లల్లో రక్త సోడియం ప్రమాదకరంగా పడిపోయింది కనుక, కలరాకూ ధారగా పోయే విరేచనాలకూ మామూలు ఓఆర్ఎస్సే వాడాలని సూచన వచ్చింది. రీసోమాల్ దొరకని చోట ఒక లీటరు ఓఆర్ఎస్‌లో 15 మిల్లీలీటర్ల పొటాషియం క్లోరైడ్ సిరప్ కలపాలని మన జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. ఇది ఆసుపత్రిలో లెక్క ప్రకారం చేయవలసిన పని, ఇంట్లో చేయదగినది కాదు.

కర్నూలు జిల్లా నుంచి విడివడి 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఒకవైపు కేసీ కాలువ, కుందూ తీరపు వరిపొలాలు, మరోవైపు నల్లమల అంచున చెంచు గూడేలు ఉన్నాయి. కలుషిత నీరు రెండు చోట్లా ముప్పే గానీ, బిడ్డ చిక్కిపోయి ఉంటే ఆ ముప్పు ప్రాణాంతకమవుతుంది, విరేచనాలు ఆ చిక్కిపోవడాన్ని మరింత పెంచుతాయి. ఈ గొలుసును తెంచే పని ఓఆర్ఎస్‌తో కాక అంగన్వాడీలో భుజం చుట్టుకొలత తీసే రంగు పట్టీతో మొదలు కావాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వయసు బిడ్డకు ఆ కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైనా, రెండు పాదాలూ ఉబ్బినా, విరేచనాలు మొదలైన వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది కనుక ఆళ్లగడ్డ వారికి ఆ దూరం కర్నూలంత కాదు. లంఖణం పెడితే విరేచనాలు కడతాయన్న పాత నమ్మకం బక్కచిక్కిన బిడ్డ విషయంలో అత్యంత ప్రమాదకరం, ఎందుకంటే కొద్ది గంటలు ఆహారం లేకపోయినా ఆ దేహంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. తల్లిపాలు ఒక్క పూట కూడా మానరాదు.

మరో ప్రమాదం దుకాణాల్లో పొంచి ఉండేది. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి, అసలు ద్రావణంకంటే ఎన్నో రెట్లు చక్కెరతో అమ్మిన పానీయాలు విరేచనాలను ఉద్ధృతం చేస్తాయని హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ అక్షరాలను అటువంటి పానీయాల పేర్లపై వాడరాదని ఆదేశించింది. నంద్యాల బజారులో కొనేవారు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అన్న మాటనూ, ఒక లీటరు నీటికి 20.5 గ్రాములన్న అంకెనూ వెతికి చూసుకోవచ్చు.