అడ్డొచ్చిన మనుషులు

గండికోటలో పెన్నా లోయ మీద సూర్యోదయాన్ని ఫొటో తీయాలన్నది నా చిరకాల కోరిక. ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్న పారే ఆ చోట తొలి వెలుగు పడగానే ఎర్రటి రాతిగోడలు నిప్పు కణికల్లా మెరుస్తాయి. ఆ వెలుగు నిలిచేది కొద్ది నిమిషాలే. ఒక డిసెంబరులో చీకటితోనే వెళ్లి, బండల మీద స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి కాచుకున్నాను. సరిగ్గా వెలుగు విచ్చుకునే వేళకు ఒక కుటుంబం వచ్చి ఎదురుగా ఉన్న బండ మీద కూర్చుంది. భార్యాభర్తలు, ఒక పిల్లాడు, చేతికర్రతో ఒక ముసలమ్మ. ‘కాస్త పక్కకు జరగండి, ఫొటో తీస్తున్నది కనబడడం లేదా?’ అన్నాను విసుగ్గా. వాళ్లు మారు మాట్లాడకుండా లేచారు. ముసలమ్మను లేపడానికి ఇద్దరూ చెరో చెయ్యి పట్టవలసి వచ్చింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. పటం కట్టించి గోడకు తగిలించాను. చూసినవారంతా మెచ్చుకున్నారు. నాకు మాత్రం అందులో ఆ ఖాళీ బండ ఒక్కటే కనిపిస్తోంది.

ప్రకృతి దృశ్యాలను ఫొటో తీసేవారందరికీ ఇది తెలిసిన చిక్కే. దానికి మార్గాలూ ఉన్నాయి. జనం రాకముందే వెళ్లవచ్చు, ఓపిగ్గా కాచుకోవచ్చు, కెమెరాను కిందికి దించి ఏ పొదో బండో మనుషులను కప్పేలా చూసుకోవచ్చు. లెన్సు ముందు వెలుగును తగ్గించే నల్లటి ఫిల్టరు పెట్టి షట్టరును చాలాసేపు తెరిచి ఉంచితే, కదిలే మనుషులు చిత్రంలో నిలవకుండా మాయమవుతారు. స్టాండు కదల్చకుండా వరుసగా చాలా ఫొటోలు తీసి కంప్యూటరులో కలిపినా అంతే. ఇప్పుడైతే ఫోన్‌లో వేలితో గీస్తే చాలు, మనిషి చెరిగిపోతాడు. అన్నిటికన్నా సులువైనది నవ్వుతూ ఒక మాట అడగడం. ‘రెండు నిమిషాలు ఇటు వస్తారా? తర్వాత మీ అందరికీ ఒక ఫొటో తీసిపెడతాను’ అంటే కాదనేవారు అరుదు. ఆ మాత్రం మాట ఆ రోజు నా నోటికి రాలేదు. ఆ సూర్యోదయం నాకెంతో వాళ్లకూ అంతేనని, వాళ్లకు అడ్డొచ్చింది నేనేనని అప్పుడు తోచలేదు.

పరిచర్యలో అలసిన శిష్యులకు విశ్రాంతినివ్వాలని ప్రభువు ఒకసారి వారిని దోనెలో ఏకాంత స్థలానికి తీసుకెళ్లాడు. తీరా చూస్తే కాలినడకన వచ్చిన జనం వారికన్నా ముందే అక్కడ చేరారు (మార్కు 6:30-44). అది బేత్సయిదా ప్రాంతమని లూకా రాశాడు (లూకా 9:10). పొద్దుగూకుతోంది, వీళ్లను పంపించేయమన్నారు శిష్యులు. వారి కళ్లకు జనం తమ విశ్రాంతికి అడ్డు. ప్రభువు కళ్లకు వాళ్లు కాపరి లేని గొర్రెలు. ఏకాంతాన్ని కోరడం తప్పు కాదు. ప్రభువు కూడా ఆ సాయంత్రం ప్రార్థనకు కొండెక్కాడు. కాకపోతే ముందు వాళ్ల కడుపులు నింపాడు.

అదే బేత్సయిదాలో ఆయన ఒక గుడ్డివానికి చూపునిచ్చాడు. మొదట చేతులుంచినప్పుడు అతనికి మనుషులు నడిచే చెట్లలా కనిపించారు. ప్రభువు అంతటితో ఆపలేదు. రెండోసారి అతని కళ్లమీద చేతులుంచాడు, అప్పుడతనికి అంతా తేటగా కనిపించింది (మార్కు 8:22-26). గండికోటలో నా చూపు ఆ మొదటి స్పర్శ దగ్గరే ఆగిపోయింది. దేవుడు చేసిన కొండనూ నదినీ వెలుగునూ చూసి స్తుతించిన నాకు, ఆయన తన స్వరూపంలో చేసిన మనిషి మాత్రం అడ్డొచ్చిన పొదలా కనిపించాడు.

ఫొటోగ్రఫీ తొలినాళ్ల సంగతి ఒకటి గుర్తొస్తుంది. 1838లో లూయీ డాగేర్ పారిస్‌లోని ఒక రద్దీ వీధిని ఎత్తైన కిటికీలోంచి ఫొటో తీశాడు. బొమ్మ పడడానికి అప్పట్లో నిమిషాల సమయం పట్టేది. అందుకని ఆ వీధిలో హడావిడిగా తిరిగిన బండ్లూ మనుషులూ ఎవరూ అందులో పడలేదు. ఒక మూల మాత్రం బూట్లు తుడిపించుకుంటూ నిలబడిన ఒక మనిషి, అతని పాదాల దగ్గర వంగిన మరో మనిషి నిలిచారు. మనుషులు కనిపించే తొలి ఫొటోగా దాన్ని చెబుతారు. పరుగెత్తినవారు చెరిగిపోయారు. ఒకరి పాదాల దగ్గర వంగినవాడు మిగిలాడు. సిలువకు ముందు రాత్రి శిష్యుల పాదాల దగ్గర వంగిన ప్రభువును (యోహాను 13) ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు.

మన చర్చిల్లోనూ అడ్డొచ్చేవారుంటారు. ఆరాధన మధ్యలో ఏడ్చే పసిబిడ్డ, మనం రోజూ కూర్చునే చోట వచ్చి కూర్చున్న కొత్త మనిషి, ప్రసంగం సిద్ధం చేసుకునే శనివారం రాత్రి తలుపు తట్టే దుఃఖితుడు. చేయి ఊపి పక్కకు జరిపితే మన కార్యక్రమం చక్కగానే సాగిపోతుంది. కానీ మనం పక్కకు జరిపినవారిలో ప్రభువు లేడని ఎవరు చెప్పగలరు? మిక్కిలి అల్పులకు చేసినదీ చేయనిదీ తన లెక్కలో రాసుకుంటానన్నాడాయన (మత్తయి 25:31-46).

తర్వాత మళ్లీ గండికోటకు వెళ్లాను. ఆ కుటుంబం ఎక్కడివాళ్లో తెలియదు, క్షమాపణ అడిగే దారి లేదు. ఈసారి అదే బండ మీద ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ‘మిమ్మల్ని కలిపి ఫొటో తీయనా అయ్యా?’ అని అడిగాను. నవ్వి తలూపాడు. ఆ చిత్రంలో ఆయన గింజంత కనిపిస్తాడు. అయినా ఆ లోయ ఎంత లోతో, ఆ కొండ ఎంత ఎత్తో తెలిసింది ఆ మనిషి వల్లే. పాత పటం తీసేసి దాన్నే గోడకు తగిలించాను. ప్రభువా, మనుషులను మనుషులుగా చూసే ఆ రెండో స్పర్శను మాకు దయచేయి!