ఓరుగల్లులో దేవుళ్లూ చుట్టాలే

పెత్రమాస నాడు హనుమకొండ, వరంగల్, కాజీపేట ఇళ్లల్లో పొద్దున ఒక పని, సాయంత్రం ఇంకో పని. పొద్దున గతించిన తల్లిదండ్రులను, తాతముత్తాతలను పేరుపేరునా తలచుకుని బియ్యం, పప్పు, కూరగాయలు దానమిస్తారు. పెద్దలకు బియ్యం ఇచ్చుడు అంటారు దీన్ని. పొద్దు వాలేసరికి అదే ఇంటి అరుగు మీద గునుగు పూల కట్టలు, తంగేడు కొమ్మలు, బంతిపూలు కుప్పపోసి ఉంటాయి. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని బతుకమ్మను పేరుస్తుంటారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. తొమ్మిది రోజుల పండుగకు అదే తొలి రోజు. చనిపోయిన పెద్దలూ, అత్తవారింటి నుంచి వచ్చిన ఆడబిడ్డలూ ఒక్క రోజునే ఇంటికి చుట్టాలవుతారు.

ఈ ప్రాంతపు భక్తిని అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క రోజు చాలు. ఇక్కడ దేవుడంటే ఎక్కడో ఎత్తున కూర్చున్నవాడు కాడు, వరుస కలిసినవాడు. ఒక దేవత ఇంటి ఆడబిడ్డ, ఒక దేవుడు కులానికి అల్లుడు, ఇంకొకామె తల్లి. చుట్టాలను ఎలా పిలుస్తారో అలాగే పిలుస్తారు. పిలిచాక పెట్టుపోతలూ అలాగే ఉంటాయి.

బతుకమ్మనే చూడండి. పసుపు ముద్దతో గౌరమ్మను చేసి పూల మీద నిలుపుతారు. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఇలా రోజుకో ఫలహారం చేసి పెడతారు. ఆరో రోజు మాత్రం పూలు పేర్చరు, ఆట ఆడరు. ఆ రోజు బతుకమ్మ అలిగిందట. పుట్టింటికొచ్చిన పిల్ల ఏదో మాట పట్టింపుకు మూతి ముడుచుకుంటే ఇల్లంతా ఎలా సర్దుకుంటుందో, ఊరంతా అలా ఒక రోజు ఊరుకుంటుంది. దేవత అలకకు పండుగలోనే ఒక రోజు కేటాయించిన సంప్రదాయాలు ఎన్ని ఉంటాయి? ఆఖరిరోజు సద్దుల బతుకమ్మ. పెరుగు, చింతపండు, నువ్వులు, కొబ్బరి కలిపిన సద్దులు కట్టి, మలీద ముద్దలు చేసి, నీళ్లలో సాగనంపుతారు. ప్రయాణమై పోయే కూతురికి దారిలో తినడానికి కట్టిచ్చే సద్ది కూడా అవే కదా. ఆ సాయంత్రం 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ముందు, పద్మాక్షి గుట్ట కింద, భద్రకాళి చెరువు గట్టున కాలు పెట్టడానికి చోటుండదు.

ఇక దేవుళ్ల కుటుంబం మొత్తం ఒక్కచోట కలిసే సందర్భం మేడారం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలోకి వచ్చిన తాడ్వాయి అడవుల్లో రెండేళ్లకోసారి, మాఘమాసంలో నాలుగు రోజులు జాతర జరుగుతుంది. కథ అందరికీ తెలిసిందే. కరువుకాలంలో కప్పం కట్టలేమన్న కోయ దొర పగిడిద్దరాజు మీదికి కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. పోరులో ఆయన, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు నేలకొరిగారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడు. ఆ వాగే జంపన్న వాగైంది. గాయపడిన ఆయన భార్య సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి వెళ్లి కనుమరుగైంది. వెతకబోయినవాళ్లకు దొరికింది ఒక కుంకుమ భరిణె. చరిత్రకారులకు ఈ కథ మీద తగవులున్నాయి. కోయ పూజారులకు గానీ, వాగులో మునిగి గద్దెల వైపు నడిచే జనానికి గానీ ఆ తగవుతో పని లేదు.

చెల్లాచెదురైన ఆ ఇల్లు రెండేళ్లకోసారి మళ్లీ కలుస్తుంది. జాతరలో అసలు ఘట్టం అదే. బుధవారం కన్నెపల్లి నుంచి కూతురు సారలమ్మ వస్తుంది. పూనుగొండ్ల నుంచి తండ్రి పగిడిద్దరాజు, కొండాయి నుంచి అల్లుడు గోవిందరాజు చేరుకుంటారు. గురువారం చిలకలగుట్ట మీంచి తల్లిని భరిణె రూపంలో పూజారులు తీసుకొస్తుంటే జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు. రాజ్యం మీద తిరగబడ్డ తల్లికి ఇప్పటి ప్రభుత్వం ఇస్తున్న మర్యాద అది. శుక్రవారం అందరూ గద్దెల మీద ఉంటారు. శనివారం ఎవరి దారిన వాళ్లు అడవికి వెళ్లిపోతారు. విగ్రహం లేదు, వేదమంత్రం లేదు. 1996లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

భక్తులు తల్లికి ఇచ్చేది ప్రధానంగా బెల్లం. దాన్ని బెల్లమని ఎవరూ అనరు, బంగారమనే అంటారు. బిడ్డ పుడితే, జబ్బు నయమైతే, కొలువు దొరికితే మనిషి ఎత్తు తూగే బంగారం మొక్కుకుంటారు. ఇంటి ముందు కాంటా పెట్టి పిల్లవాడిని ఒక పళ్లెంలో, బెల్లం ముద్దలు ఇంకో పళ్లెంలో కూర్చోబెట్టి తూచడం జాతర ఏడాది వరంగల్ వాడల్లో మామూలు దృశ్యం. ఆ బంగారంతోపాటు తల్లికి ఒడిబియ్యం, పసుపు కుంకుమలు, రవికెగుడ్డ పెడతారు. పుట్టింటివాళ్లు కూతురికి పోసేది కూడా ఆ ఒడిబియ్యమే.

వరంగల్‌కు దగ్గర్లోని ఐనవోలులో వరుస మారుతుంది. మల్లికార్జునస్వామికి అక్కడ మల్లన్న అనే పిలుపు. ఆయన పక్కన ఇద్దరు భార్యలు, గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మ. అంటే గొల్ల కురుమలకు మల్లన్న ఇంటి అల్లుడు. అల్లుడికి చేయవలసిన మర్యాదలో లోటు రానిస్తారా? భోగి నాడు మొదలయ్యే జాతర ఉగాది దాకా సాగుతుంది. ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడులతో నేల మీద పట్నం వేసి, జగ్గు మోగిస్తూ మల్లన్న పెళ్లి కథ చెబుతారు. పట్నం వేయించిన కుటుంబం ఆ పెళ్లికి పెళ్లివారే. ఈ ఒగ్గు కథను పల్లె వాకిళ్ల నుంచి పెద్ద వేదికల దాకా తీసుకెళ్లిన చుక్క సత్తయ్య ఈ ఉమ్మడి జిల్లావారే, జనగామ ప్రాంతపు మాణిక్యాపురం మనిషి.

అదే కుటుంబం ఆషాఢంలో భద్రకాళి గుడికీ వెళుతుంది. అక్కడ వేదపండితుల అర్చన, శాకంభరి ఉత్సవం, అమ్మవారికి కూరగాయల అలంకారం. ఈ రెండు రకాల పూజల మధ్య పొత్తు కుదరదని పుస్తకాలు అనవచ్చు. ఓరుగల్లు మనిషికి ఆ ఇబ్బంది ఎన్నడూ రాలేదు. ఒకే ఇంట్లో ఒక మేనమామ పంతులు, ఇంకో మేనమామ పటేలు అయితే ఇద్దరికీ దండం పెట్టమా?

ఈ చుట్టరికానికి మతం గోడ కూడా పెద్దగా అడ్డుకాదు. కాజీపేటకు ఆ పేరే కాజీల వల్ల వచ్చింది. వరంగల్‌కు కాజీగా ఉండి 1856లో కన్నుమూసిన సూఫీ హజ్రత్ అఫ్జల్ బియాబానీ దర్గా అక్కడుంది. సఫర్ నెలలో జరిగే ఉర్సుకు హిందువులూ వరుస కడతారు. పర్వతగిరి మండలం అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షావలి దర్గా చుట్టూ చెట్ల కింద ఏ సెలవురోజు చూసినా పొయ్యిలు వెలుగుతుంటాయి. యాటను కోసి ఫాతెహా ఇప్పించి, బంధువులందరినీ పిలిచి అక్కడే వండి తినడాన్ని కందూరు అంటారు. కందూరు చేసే కుటుంబాల్లో హిందువులే చాలామంది. పిల్లలకు యాకూబ్ అనో యాకమ్మ అనో పేరు పెట్టుకున్న హిందూ ఇళ్లు ఈ జిల్లా పల్లెల్లో కనిపిస్తూనే ఉంటాయి. కాజీపేట ఫాతిమానగర్‌లో మేరీమాత ఉంది. వరంగల్ కథోలిక మేత్రాసనం 1952లో ఏర్పడినప్పుడు తొలి బిషప్ ఇటలీ నుంచి వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా. ఇక్కడివాళ్లు మాత్రం మేరీమాతను తల్లి అని పిలవడానికి ఇటలీని అడగలేదు.

ఆ మేరీమాత పేరు మీదే భూగోళానికి అవతలి వైపు ఇంకో దేశపు ఇళ్లు కలుస్తాయి. కథోలికులు ఎక్కువగా ఉన్న కొలంబియాలో డిసెంబరు 7 రాత్రి ఇళ్ల ముందు, కిటికీల్లో, వీధి అంచుల్లో కొవ్వొత్తులు, కాగితపు దీపాలు వెలిగిస్తారు. మన దీపావళి చూసినవారికి అది కొత్తగా అనిపించదు. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది సాయంత్రాలు నొవేనా. చాలాచోట్ల రోజుకో చుట్టం ఇంట్లోనో, పొరుగింట్లోనో చేరి ప్రార్థన చదువుతారు, పిల్లలు గిలకలు ఊపుతూ పాటలు పాడతారు. తరువాత నతీయా అనే పాల హల్వా, బున్యువేలో అనే జున్ను బోండాలు తింటారు. అక్కడా తొమ్మిది రోజులే, అక్కడా పాటలే, అక్కడా వంట తప్పదు. ఆ నతీయాలో తీపికి వేసేది తరచూ పనేలా, అంటే చెరకు బెల్లం. ప్రపంచంలో బెల్లం తయారీలో భారత్ తరువాతి స్థానం కొలంబియాదే. పూల విషయంలోనూ పోలిక ఉంది. మెడెలిన్ నగరంలో 1957 నుంచి ఏటా పూల పండుగ జరుగుతోంది. ఇప్పుడది ఆగస్టులో. చుట్టుపక్కల కొండల మీది సాంతా ఎలీనా రైతులు, చెక్క చట్రాలకు పూలు పేర్చి వీపున మోసుకుంటూ ఊరేగుతారు. వాళ్లది వీపు మీది మోత, మనవాళ్లది నెత్తి మీది మోత. ఒక తేడా మాత్రం గట్టిది. అక్కడ ఊరేగింపు ముగిసే వేళకు ఎవరి పేర్పు గొప్పదో న్యాయనిర్ణేతలు తేలుస్తారు. ఇక్కడ ఆ పని వాడకట్టు అమ్మలక్కలు చూసుకుంటారు, వాళ్ల తీర్పు మీద అప్పీలు లేదు.

ఇంతా చెప్పి ఈ చుట్టరికంలో అంతా తీపే అంటే అబద్ధమవుతుంది. బొడ్రాయి పండుగనే తీసుకోండి. ఊరి నడిబొడ్డున రాయి ప్రతిష్ఠించినప్పుడు ఆ ఊళ్లో పుట్టిన ఆడబిడ్డలందరినీ ఎన్నేళ్లయినా, ఎంత దూరాన ఉన్నా పిలిచి ఒడిబియ్యం పోస్తారు. అరవై ఏళ్ల అక్క తమ్ముడి వాకిట్లో పీట మీద కూర్చుని కొంగు పట్టడం చూడముచ్చటైన దృశ్యమే. ఆ తమ్ముడు చీరకు, యాటకు, కల్లుకు, పదిమంది చుట్టాల తిండికి ఎక్కడ అప్పు తెచ్చాడో ఎవరూ అడగరు. పక్కింటివాడు యాటను కోస్తే తాను కోడితో సరిపెట్టడం పరువు తక్కువ. ఇంకో ముల్లు కూడా ఉంది. భర్త పోయిన కూతురికి ఒడిబియ్యం పోయడం చాలా ఇళ్లలో ఆగిపోతుంది. భర్త ఉన్నా లేకపోయినా ఆమె ఆ ఇంటి ఆడబిడ్డే. పసుపుబొట్టుతో ముడిపెట్టి ఆ ఒక్క ముచ్చటను కూడా లాక్కోవడం అన్యాయం. ఈ ఆచారాన్ని పక్కన పెడుతున్న ఇళ్లు కొన్ని ఉన్నాయి, అవి పెరగాలి.

వలస కూడా ఈ పండుగల రూపాన్ని మారుస్తోంది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడింది. అంతకుముందు నుంచే చేనేత కుటుంబాలు భివండీ, షోలాపూర్, సూరత్ బాట పట్టాయి. అక్కడి పద్మశాలీ వాడల్లోనూ బతుకమ్మ ఆడతారు. అమెరికాలో తెలంగాణ సంఘాలు పెద్ద హాళ్లు అద్దెకు తీసుకుని, వారాంతం చూసుకుని ఆడిస్తున్నాయి. తంగేడు దొరకని చోట దుకాణంలో కొన్న పూలతో పేర్చినా తప్పు లేదు. హనుమకొండ అపార్టుమెంట్లలో డీజే పెట్టి, పాడేవాళ్ల గొంతే వినిపించకుండా చేయడం మాత్రం అక్కర్లేని సోకు. బతుకమ్మ పాటలో ఒకరు చెబితే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకోవాలి. పెట్టె పాడుతుంటే అందుకునేదెవరు?

అంతకన్నా పెద్ద కష్టం పూలది. ఒకప్పుడు పిల్లలు పొద్దున్నే గుట్టల మీదికి, చెలకల గట్ల మీదికి పోయి మోపులు మోపులుగా తెచ్చిన తంగేడు, గునుగు ఇప్పుడు కట్టకింత అని కొనాల్సివస్తోంది. నగరం చుట్టూ చెలకలు ప్లాట్లయ్యాయి, గుట్టలు కంకర క్వారీలయ్యాయి. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఎర్రనేలలో, రాతి నేలలో, నీళ్లు పెట్టకపోయినా బతికే పొద అది. కాలనీ పార్కుల్లో రంగురంగుల విదేశీ మొక్కలకు పైపులు వేసి నీళ్లు పోసే కమిటీలు, ఒక మూల పది తంగేడు పొదలకు చోటిస్తే వచ్చే పెత్రమాసకు కాకపోయినా, రెండు మూడేళ్లలో ఆ వాడ ఆడపిల్లలకు పూలు కొనే పని తప్పుతుంది. విత్తనం కాయలు ఎండాకాలానికి ముందే ఏ గట్టు మీదైనా దొరుకుతాయి. వానలు పడగానే చల్లండి.