నెత్తిన దోనె, చక్రాల మీద ఇల్లు
కెనడా రాకీ పర్వతాల్లో వేసవి యాత్ర - తడి పడవతోనే అసలు భయం

కెనడా దేశంలో జూన్ నెల వచ్చిందంటే కాల్గరీ నగరం నుంచి పడమటికి పోయే పెద్ద రోడ్డు మీద ఇళ్లు బారులు తీరి పోతుంటాయి. ఇళ్లంటే నిజంగా ఇళ్లే. లోపల పొయ్యి, మంచాలు, ఫ్రిజ్, స్నానాల గది ఉంటాయి. కింద చక్రాలు, ముందు డ్రైవరు సీటు. నెత్తినో వెనకనో రెండు మూడు సన్నటి పడవలు తాళ్లతో బిగించి ఉంటాయి. ఆ ఇంటిని మోటారుహోం అంటారు. ఆ పడవ పేరు కయాక్.

కయాక్ మన గోదావరి దోనెకు దూరపు చుట్టం లాంటిది. ఉత్తర ధ్రువం దరిని మంచులో బతికే ఇన్యూట్ ప్రజలు సీలు జంతువు చర్మాన్ని కర్రల చట్రానికో ఎముకల చట్రానికో బిగించి, వేట కోసం చేసుకున్న పడవ అది. ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. ఒక్కరో ఇద్దరో కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో కుడి ఎడమలు మార్చి వేస్తారు. చప్పుడుండదు. ఒడ్డున నీళ్లు తాగే దుప్పి కూడా తల ఎత్తదు.

కాల్గరీ, ఎడ్మంటన్ పట్టణాల్లో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వేసవికి వెళ్లే తల్లిదండ్రులు అక్కడ చూసి వచ్చే వింతల్లో ఈ కొండల యాత్ర ముఖ్యమైనది. రెండు మూడు కుటుంబాలు కలిసి బండి అద్దెకు తీసుకుంటాయి. మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చు. అయితే ఎత్తయిన బండి, గాలికి ఊగుతుంది. దిగుడు రోడ్డు మీద బ్రేకు తొక్కుతూ పోతే వేడెక్కుతుంది. అందుకని గేరు తగ్గించి దిగాలి. మొదటి రోజు వంటింటి అల్మరా గడియ వేయడం మరిచిపోయి, మొదటి మలుపులోనే గిన్నెలన్నీ కింద పడేసుకోని కుటుంబం అరుదు.

కాల్గరీ నుంచి 130 కిలోమీటర్లు పోతే బాన్ఫ్. అక్కడ వేడినీటి ఊటలు బయటపడ్డాక, ఆ చోటును 1885లో ప్రభుత్వం ప్రత్యేకించింది. కెనడాలో మొట్టమొదటి జాతీయ పార్కు అదే. దానికి ఉత్తరాన 1907లో ఏర్పడిన జాస్పర్ ఇంకా పెద్దది. ఈ రెంటినీ, పక్కనున్న యోహో, కూటనే పార్కులను కలిపి 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అడవిని కాపాడడమనే మాట వెనక ఒక చేదు నిజం కూడా ఉంది. జాస్పర్ పార్కు ఏర్పడ్డాక, అక్కడ తరాలుగా ఇళ్లు కట్టుకుని బతుకుతున్న మేటీ కుటుంబాలను 1910 నాటికి ఖాళీ చేయించారు. యాత్రికుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు.

లేక్ లూయీస్ నుంచి జాస్పర్ వరకు 232 కిలోమీటర్ల రోడ్డును ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే అంటారు. సరుకు లారీలను దీని మీదికి రానివ్వరు. దారి మధ్యలో పెట్రోలు దొరికేది ఒక్కచోటే, అదీ వేసవిలోనే. ఎడాపెడా మంచు కొండలు. వాటి కింద సరస్సులు గుడిగోడకు వేసిన కొత్త రంగులా నీలంగా, పచ్చగా కనిపిస్తాయి. ఎవరో రంగు కలిపారా అని అడిగే పెద్దవాళ్లున్నారు. హిమానీనదం, అంటే కదిలే మంచుగడ్డ, కొండరాతిని తిరగలిలా రుబ్బుతుంది. ఆ రాతిపిండి నీళ్లలో తేలుతూ ఎండకు అలా మెరుస్తుంది.

ఆ తిరగలి కరిగిపోతోంది. దారిలో కనిపించే అథబాస్కా హిమానీనదం 125 ఏళ్లలో ఒకటిన్నర కిలోమీటరుకు పైగా వెనక్కు జరిగింది. ఏ సంవత్సరంలో మంచు ఎక్కడి దాకా ఉండేదో తెలిపే గుర్తులు దారి పొడవునా నాటారు. తాత పుట్టిన ఏడు ఒక గుర్తు దగ్గర, మనవడు పుట్టిన ఏడు ఇంకో గుర్తు దగ్గర నిలబడి ఫొటో తీయించుకుంటారు. మధ్య నడక చిన్నదేమీ కాదు.

బొమ్మ గీసి దారి చూపిన సామ్సన్

పడవ మీద చూడవలసిన చోటు జాస్పర్‌లోని మలీన్ సరస్సు. ఇరవై రెండు కిలోమీటర్ల పొడవుతో కెనడా రాకీల్లో సహజ సరస్సులన్నింటిలోకీ పెద్దది ఇదే. ఫ్రెంచి భాషలో మలీన్ అంటే దుష్టమైనదని అర్థం. దీన్నుంచి పుట్టే నదిని దాటబోయి తిప్పలు పడ్డ ఒక మతబోధకుడు పెట్టిన పేరది. అక్కడి స్టోనీ నకోడా ప్రజలు మాత్రం అంతకు ముందే దీన్ని బీవర్ సరస్సు అని తమ భాషలో పిలుచుకునేవారు.

మేరీ షేఫర్ అనే అమెరికన్ వితంతువు 1907లో ఈ సరస్సు కోసం గుర్రాల మీద వెతికి, కానలేక తిరిగివచ్చింది. ఆ చలికాలానికి ముందు సామ్సన్ బీవర్ అనే స్టోనీ వేటగాడు తాను చిన్నతనంలో ఒక్కసారి చూసిన దారిని గుర్తుచేసుకుని కాగితం మీద గీసి ఇచ్చాడు. మరుసటి ఏడు జులైలో ఆ బొమ్మ పట్టుకునే ఆమె బృందం సరస్సు చేరింది. ఒడ్డున దుంగలు నరికి తెప్ప కట్టి, దాని మీద సరస్సు పై కొసదాకా పోయి చూసింది. సరస్సు నడుమ ఇరుకైన జలమార్గానికి నేటికీ సామ్సన్ పేరే ఉంది.

ఆ ఇరుకు దగ్గరే స్పిరిట్ ఐలాండ్ అనే చిన్న దిబ్బ, నాలుగు చెట్లు. పేరుకే ద్వీపం గాని నీరు తగ్గితే ఒడ్డుకు సన్నని నేలదారి తేలుతుంది. స్టోనీ ప్రజలకు అది పవిత్ర స్థలం కనుక దాని మీద కాలు పెట్టనివ్వరు. పడవల రేవు నుంచి 14 కిలోమీటర్లు. చేయి తిరిగినవారికి మూడు నాలుగు గంటల తెడ్డు. ఇంకా పైన, రోడ్డనేది లేని చోట, రెండు చిన్న విడిదులున్నాయి. చేతిపడవలో వెళ్లినవారికే అక్కడ రాత్రి బస.

పొద్దున అద్దంలా ఉండే ఈ నీరు మధ్యాహ్నానికి గాలి లేచి అలలవుతుంది. అనుభవజ్ఞులు తెల్లవారకముందే బయలుదేరి, ఒడ్డు వదలకుండా పోతారు. నడుమ నుంచి అడ్డంగా కోసుకు పోదామనే కుర్రాళ్లను ఆపేవారు ప్రతి బృందంలోనూ ఒకరుండాలి.

ఆ నీటి చలి అంతా ఇంతా కాదు. మండువేసవిలోనూ మంచు కరిగిన నీరే. మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన లెక్క అక్కడి పిల్లలకు కూడా కంఠస్థం: ఒకటి, పది, ఒకటి. చన్నీళ్లలో పడితే ఎగశ్వాస అదుపులోకి రావడానికి ఒక నిమిషం. చేతులు కాళ్లు మాట వినేది పది నిమిషాలు. స్పృహ తప్పడానికి సుమారు గంట. ఎంత గజ ఈతగాడైనా పది నిమిషాల తర్వాత చేయి కదపలేడు. అప్పుడు తేల్చేది లైఫ్ జాకెట్ ఒక్కటే. పడవలో తలకొకటి ఉండాలని కెనడా చట్టం. ఈలా, పదిహేను మీటర్ల తేలే తాడు కూడా ఉండాలి. జాకెట్ పడవలో పడి ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజును చూసిన గోదావరి ఒడ్డు వారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

రొయ్యల రైతుకు తెలిసిన జబ్బే

ఇంత జాగ్రత్తలోనూ పార్కు అధికారులను నిద్రపోనివ్వనిది మునిగే పడవ కాదు, తడి ఆరని పడవ. 2016 ఆగస్టులో బాన్ఫ్‌లోని జాన్సన్ సరస్సు చేపల్లో ఒక తిరుగుడు జబ్బు బయటపడింది. కెనడాలో అదే మొదలు. కంటికి కనిపించని పరాన్నజీవి చేపపిల్ల మెత్తని ఎముకల్లోకి (మృదులాస్థిలోకి) చేరితే, ఆ పిల్ల తోక తరిమినట్టు గిరగిరా తిరిగి చచ్చిపోతుంది. కొన్ని చోట్ల ట్రౌట్ జాతి పిల్లల్లో నూటికి తొంభై దాకా పోతాయి. మనుషులకు హాని లేదు. మందూ లేదు. 2023లో కొండకవతల ఎమరాల్డ్ సరస్సులోనూ కనిపించడంతో యోహో, కూటనే పార్కుల్లో నీటి మీదికి ఎవరినీ దిగనివ్వకుండా 2024 మార్చి నెలాఖరు దాకా మూసివేశారు.

ఈ జబ్బు ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పడవ అడుగున నిలిచిన చారెడు నీళ్లలో, చెప్పుకు అంటిన బురదలో ప్రయాణం చేస్తుంది. భీమవరం, కైకలూరు చుట్టుపట్ల 1990 దశకం నడుమ తెల్లమచ్చ తెగులుతో చెరువులు ఖాళీ అయిన సంగతి మరిచిపోని రైతుకు ఇదంతా ఎరిగిన కథే. పక్క చెరువు వల తన చెరువులో వేయనివ్వని రైతు, గట్టు మీద పీతలు ఎక్కకుండా కంచె కట్టిన రైతు ఆ పార్కు అధికారి బాధ ఇట్టే గ్రహిస్తాడు. తేడా ఒక్కటే. చెరువునైతే ఎండగట్టి సున్నం చల్లవచ్చు. వంద మీటర్ల లోతు కొండ సరస్సును ఎవరు ఎండగడతారు?

అందుకే బాన్ఫ్‌లో సొంత పడవ దించేవారు బురద కడిగి, నీళ్లు వంచి, కనీసం 48 గంటలు ఆరబెట్టామని రాసి సంతకం చేసిన కాగితం వెంట ఉంచుకోవాలి. మలీన్‌లోనూ ఆంక్షలు బిగుస్తున్నాయి. ఆ ఏటి నిబంధన చూసుకోకుండా వందల మైళ్లు పడవ మోసుకుపోవడం తెలివితక్కువ. సరస్సు ఒడ్డున 1928లో కర్లీ ఫిలిప్స్ కట్టిన కొట్టం దగ్గర అద్దెకు తీసుకుంటే ఈ బాధ ఉండదు.

బండికీ నియమాలు తక్కువ కావు. ఇల్లు చక్రాల మీద ఉంది కదా అని రోడ్డు పక్కన ఆపి పడుకోవడం కుదరదు. చలికాలంలోనే విడిది ఖరారు చేసుకోవాలి. మురుగు నీరు దానికి కేటాయించిన చోటే వదలాలి. ఎలుగుబంటికి వంద మీటర్లు, దుప్పులకు ముప్పై మీటర్లు ఎడం ఉండాలి. తినేదేదీ బయట బల్ల మీద వదలకూడదు. ఆవకాయ జాడీతో సహా బండిలోకి పోవలసిందే. వాసనకు అలవాటు పడ్డ ఎలుగును చివరికి చంపవలసి వస్తుంది.

నిప్పు సంగతి మరీ గట్టి. 2024 జులై 22 రాత్రి కార్చిచ్చు కమ్ముకు వస్తుంటే జాస్పర్ ఊరి నుంచి, పార్కు నుంచి పాతికవేల మంది ఒక్కసారిగా బయలుదేరారు. మోటారుహోంలు, కార్లు పొగలో ఒకదాని వెనక ఒకటి పడమటి దారి పట్టాయి. రెండు రోజులకు మంటలు ఊరిని తాకి 358 కట్టడాలను బూడిద చేశాయి. ఊళ్లో మూడో వంతు పోయింది. నాటి నుంచి ఆ దారిన పోయే కుటుంబాలు సాయంత్రం బండి ఆపేటప్పుడు మూతిని రోడ్డు వైపు తిప్పి పెట్టుకోవడం నేర్చుకున్నాయి.

విడిదిలో పొద్దుగుంకడానికి రాత్రి పది దాటుతుంది. పెద్దవాళ్లు మడత కుర్చీల్లో టీ తాగుతుంటారు. బండికి ఆనించిన కయాక్‌లు బోర్లా పడి ఉంటాయి. రేపు ఇంకో సరస్సులో దిగుదామని పిల్లలు గోల చేస్తారు. తండ్రి లేచి, పడవ లోపలికి చేయి పెట్టి తడిమి చూస్తాడు. ఇంకా ఆరలేదు. రేపు నడకే.