కీర్తనల సూచిక: ‘కీ’ గడిలో రాగం ఇమడదు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో క్రైస్తవులూ ఉన్నారు. తెలుగు ఆరాధనలలో తరతరాలుగా వాడుకలో ఉన్న గ్రంథం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలకు అందులో రాగతాళాల పేర్లు ఉంటాయి. వరుస మాత్రం పెద్దల గొంతులలోనే ఉంటుంది.

అటువంటి కీర్తనను కంప్యూటర్ సూచికలో చేర్చబోతే ‘కీ’ అనే గడి వద్దనే చిక్కు ఎదురవుతుంది. పాశ్చాత్య సంగీతంలో కీ అంటే ఆధారస్వరమూ స్వరశ్రేణీ కలిసిన మాట. ఒక షార్ప్ గుర్తు కనబడినంతమాత్రాన అది జి మేజరో, ఇ మైనరో తేలదు; కనుక గుర్తుల సంఖ్య చాలదు, పేరే రాయాలి. రాగం సంగతి వేరు. శంకరాభరణం స్వరాలు మేజర్ శ్రేణివే అయినా, షడ్జాన్ని ఎక్కడ నిలపాలన్నది పాడేవారి ఇష్టం. ‘అమేజింగ్ గ్రేస్’ వరుసలోని అయిదు స్వరాలూ మోహనవే. అయినా అంతమాత్రాన అది మోహన రాగం అయిపోదు. అందుచేత రాగానికి ప్రత్యేకంగా ఒక గడి కావాలి. శ్రుతిని ఆయా రికార్డింగుకు చెందిన వివరంగానే నమోదు చేయాలి.

తాళానిదీ ఇదే తీరు. ఆదితాళాన్ని 4/4 అంటే 8 అక్షరాల లెక్క కుదురుతుంది గానీ 4+2+2 విభజన మరుగవుతుంది. మిశ్రచాపును 7/8 అని వదిలేస్తే, 3+4 నడక తెలియని కీబోర్డు వాద్యకారుడు తడబడక తప్పదు.

ఖరగ్‌పూర్‌లో పాడే వరుస, గుంటూరులో పాడే వరుస ఒకటే కానక్కరలేదు. కాబట్టి పాడిన ఊరి పేరు, పెద్దల గొంతుతో చేసిన రికార్డింగు కూడా ఆ నమోదులో ఉండాలి.